స్విఫ్ట్ 1.2 పెట్రోల్‌ని సర్క్యూట్ బండి చేయాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత?

పెన్నాగట్టు (అనంతపురం)
అందరికీ నమస్కారం. బండి 2013 స్విఫ్ట్ పెట్రోల్, కే12 ఇంజిన్. రోడ్డు మీద తిప్పేది ఉండదు, పూర్తిగా ట్రాక్ కోసమే. మొదట ట్రాక్ డేలు (పోటీ లేకుండా సర్క్యూట్‌లో తిప్పుకునే రోజులు), తర్వాత క్లబ్ స్థాయి రేసులు. నేను రాసుకున్న వరుస ఇది: ముందు ఎయిర్ ఫిల్టర్, హెడర్స్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే పైపులు), రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ట్యూనింగ్). తర్వాత స్ప్రింగులు, షాకబ్జర్లు. ఆపైన బ్రేక్ ప్యాడ్లు. డబ్బు మిగిలితే చివర్లో రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా డ్రైవర్‌ని కాపాడే లోపలి పైపుల చట్రం). కేజ్‌కి ఒకటిన్నర ఇంచు సి-క్లాస్ జీఐ పైపు అనుకుంటున్నా, గేట్లు చేసే షాపులోనే వంచి ఇస్తామన్నారు. ఇందులో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

గుత్తికోట
వరుస తలకిందులుగా ఉందప్పా. ఇంజిన్ చివరికి పోవాల, కేజ్ ముందుకు రావాల.

కారణం లెక్కలోనే ఉంది. ఆ ఇంజిన్ పవర్ సుమారు 85 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), బండి బరువు సుమారు 965 కేజీలు. అంటే టన్నుకి 88 పీఎస్. వెనక సీటు, ముందు సీట్లు, ట్రిమ్ములు, కార్పెట్, ఏసీ సామాను, స్టెప్నీ, జాకీ, హారన్ తప్ప మిగతా మ్యూజిక్ సిస్టం, తారు షీట్లు అన్నీ తీస్తే 150 కేజీల దాకా దిగుతుంది. సరైన కేజ్, రేస్ సీటు కలిసి ఒక 50 కేజీలు తిరిగి ఎక్కుతాయి. నికరంగా 100 తగ్గినా టన్నుకి 98 పీఎస్ అవుతుంది. బరువు తగ్గించకుండా ఇదే రావాలంటే ఇంజిన్ 95 పీఎస్ ఇవ్వాల. ఫిల్టరు, హెడర్సు పెడితే అంత రాదు. పైగా బరువు తగ్గితే బ్రేకులకీ టైర్లకీ సుఖం. పవర్ పెంచితే ఆ రెండింటికీ కష్టం.

తారు షీట్ల గురించి ఒక మాట. వేరే ఊళ్లలో డ్రై ఐస్ పోసి గడ్డకట్టించి సుత్తితో పగలగొడతారు. మన దగ్గర డ్రై ఐస్ వెతుక్కునే బదులు హీట్ గన్, వెడల్పు పట్టీ చాలు. షీటు మెత్తబడగానే ఒక్క గుంజులో లేపాల, కరిగేదాకా కాలిస్తే జిగురై రేకుకు అంటుకుంటుంది. మిగిలిన మరకను కిరోసిన్ గుడ్డతో తుడిచేయొచ్చు. వెల్డింగ్ పడేచోట మాత్రం ఆ తర్వాత థిన్నర్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రేకు మెరిసేదాకా రుద్దాల.

ఏసీ గ్యాసును గాల్లోకి వదలొద్దు. ఏసీ షాపులో మిషన్ పెట్టి లాగించుకోండి.

లేత్‌మిషన్ (కర్నూలు)
గుత్తికోట అన్న చెప్పిన వరుసే కరెక్టు. నేను పైపు గురించే రాస్తా, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే మిగతావన్నీ సరిగా ఉన్నా లాభం లేదు.

జీఐ సి-క్లాస్ పైపు నీళ్ల కోసం చేసింది. ఒకటిన్నర ఇంచు అంటే బయటి వ్యాసం 48.3 మి.మీ., గోడ 4 మి.మీ., మీటరుకి 4.37 కేజీలు. ఇప్పుడు ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ) రూల్సులో అపెండిక్స్ జె, ఆర్టికల్ 253 చూడండి. మెయిన్ హూప్‌కి, అంటే డ్రైవర్ వెనకాల నిలబడే పెద్ద వంపుకి, 45 × 2.5 లేదా 50 × 2.0 మి.మీ. మిగతా పైపులకి 38 × 2.5 లేదా 40 × 2.0. కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్, అన్‌అల్లాయ్డ్ కార్బన్ స్టీల్, కనీస తన్యత బలం 350 న్యూటన్లు చదరపు మి.మీ.కి.

45 × 2.5 పైపు మీటరుకి 2.6 కేజీలే. 38 × 2.5 అయితే 2.2. మెయిన్ హూప్‌కి 5 మీటర్లు, మిగతా వాటికి 14 మీటర్లు అనుకుంటే మొత్తం 44 కేజీలు. అదే 19 మీటర్లు జీఐ పైపుతో కడితే 83 కేజీలు. దాదాపు రెండింతలు మోసి, నమ్మకం లేని ఉక్కు కొనుక్కున్నట్టు. అతుకున్న పైపు వంచినప్పుడు వంపు బయటి వైపు అతుకు పడితే అక్కడే విచ్చుకుంటుంది. పైన ఉన్న జింకు పూత వెల్డింగ్‌లో పొగై లోపల బుడగలు వదుల్తుంది. పైకి అతుకు నున్నగా కనిపిస్తుంది, కోసి చూస్తే స్పాంజిలా ఉంటుంది. ఆ పొగ పీల్చిన వెల్డర్‌కి రాత్రికి జ్వరం.

గేట్ల షాపు వంపు కూడా పనికిరాదు. ఇసుక పోసి, గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచకూడదు. కేజ్ పైపు చల్లగానే వంగాలి, వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడింతలకు తగ్గకూడదు. 45 పైపుకి 135 మి.మీ. వంపు దగ్గర క్యాలిపర్ పెట్టి చూడండి: తక్కువ వ్యాసాన్ని ఎక్కువ వ్యాసంతో భాగిస్తే 0.9 కంటే తగ్గితే ఆ ముక్క పక్కన పెట్టండి. మాండ్రెల్ బెండర్ (లోపల కడ్డీ పెట్టి పైపు నొక్కుకుపోకుండా వంచే మిషన్) కావాలంటే బెంగళూరు వెళ్లక తప్పదు. పైపు బిల్లుతో పాటు మిల్ సర్టిఫికెట్ తీసుకుని దాచండి, స్క్రూటినీలో (రేసు ముందు బండి తనిఖీలో) అడుగుతారు.

పాదాల కింద రేకు పల్చన. అందుకే మెయిన్ హూప్ పాదానికి 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. తగ్గకుండా ప్లేటు బాడీకి వెల్డ్ చేయాలి. వెనక స్టేలకి (హూప్‌ని వెనకనుంచి ఆనించి పట్టే పైపులకి) 60 చాలు. బోల్టులతో బిగించే రకమైతే పాదానికి మూడు, ఎం8, 8.8 గ్రేడ్. ప్లేటు సాపుగా ఒక్క రేకు మీదే కాకుండా, సిల్ (తలుపు కింది గడప) వైపు గోడ మీదికి కూడా ఎల్ ఆకారంలో ఎక్కేటట్టు వంచండి. బండి పల్టీ కొట్టినప్పుడు పైపు నేల రేకును పొడుచుకుని కిందికి దిగకుండా ఆపేది ఆ మడతే.

పెన్నాగట్టు (అనంతపురం)
జీఐ ఆలోచన మానేశా. ఇంకో సందేహం. పైపుని రూఫ్‌కి దగ్గరగా పెడితేనే తలకి చోటు ఉంటుంది. కానీ అలా పెడితే పైపు పై భాగంలో వెల్డింగ్ టార్చి పట్టదు కదా? చుట్టూ వెల్డ్ ఎలా వస్తుంది?

లేత్‌మిషన్ (కర్నూలు)
మంచి ప్రశ్న. చాలా కేజ్‌లలో పై సగం వెల్డ్ లేకుండానే పెయింట్ వేసేస్తారు, అద్దం పెట్టి చూస్తే గానీ తెలియదు.

పద్ధతి ఇది. పాదాల ప్లేట్లు ఇంకా పెట్టొద్దు. కేజ్ మొత్తం దాని స్థానంలో నిలబెట్టి, అన్ని కీళ్లూ చుక్క వెల్డ్ (టాక్) చేయండి. పాదం పడే చోట నేల రేకులో పైపు దిగేంత రంధ్రాలు కోయండి. కేజ్‌ని ఆ రంధ్రాల్లోంచి 100 మి.మీ. కిందికి దించితే రూఫ్‌కీ పైపుకీ మధ్య టార్చికీ చేతికీ చోటు దొరుకుతుంది. పై కీళ్లన్నీ చుట్టూ పూర్తిచేసి, కేజ్‌ని మళ్లీ పైకి లేపి, రంధ్రాల మీద ప్లేట్లు వేసి పాదాలు వెల్డ్ చేయండి. దించేముందు అడ్డంగా ఒక తాత్కాలిక పైపు టాక్ చేసి ఉంచాలి, లేకపోతే వేడికి కాళ్లు 5-6 మి.మీ. లోపలికి లాక్కుంటాయి, తిరిగి లేపినప్పుడు ప్లేటు మీద కూర్చోవు.

కీలు దగ్గర పైపు చివర చేపనోరులా కోసుకోవాలి. సందు 1 మి.మీ. దాటితే ఆ ముక్క మళ్లీ కోయడమే. సందును వెల్డింగ్ రాడ్డు ముక్కతో నింపి పైన పూసే పని మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి.

హంద్రీ (కర్నూలు)
వెల్డింగ్ మొదలుపెట్టే ముందు చేయాల్సినవి ఎవరూ రాయలేదు.

బ్యాటరీ విప్పి బయట పెట్టాలి. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సాకెట్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి. పెట్రోల్ ట్యాంకు ఈ బండిలో వెనక సీటు కిందే ఉంటుంది, కాబట్టి దింపేయాల్సిందే. ఖాళీ చేస్తే చాలదు, ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం. ఎయిర్‌బ్యాగులున్న మోడలైతే బ్యాటరీ తీసి కాసేపు ఆగి, మాడ్యూళ్లను, సీటు బెల్టు ప్రిటెన్షనర్లను (గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించే పరికరాలు) విప్పండి. రెండింట్లోనూ పేలుడు మందు ఉంటుంది. నిప్పురవ్వలకు దూరంగా, బ్యాగు ముఖం పైకి ఉండేలా పెట్టండి. స్టీరింగ్ లాక్ కూడా తీసేయాలి.

సీటుకి ఎఫ్‌ఐఏ 8855-1999 ముద్ర చూడండి, తయారీ తేదీ నుంచి ఐదేళ్లు చెల్లుతుంది. పాత సీటు చవగ్గా దొరికిందని తేదీ చూడకుండా కొనొద్దు. సీటు బ్రాకెట్లకి నాలుగు ఎం8 బోల్టులు, నేల కింద ఒక్కో చోట 3 మి.మీ. మందం, 40 చదరపు సెం.మీ. ప్లేటు. స్టాక్ సీటు రైళ్ల మీద రేస్ సీటు పెట్టడం వద్దు, అవి ఆ లోడు కోసం చేసినవి కావు.

బెల్టు 8853-2016, ఆరు పాయింట్లది. భుజం పట్టీలు సీటు వెనకనుంచి కేజ్‌లో అడ్డంగా ఉన్న హార్నెస్ బార్‌కి వెళ్లాలి, నేలకు సమాంతర గీత నుంచి 45 డిగ్రీలు దాటని వాలుతో. వెనక నేలకి కట్టేస్తే వాలు ఎక్కువై, గుద్దుకున్నప్పుడు పట్టీలు భుజాల్ని కిందికి నొక్కుతాయి. ఆ బలమంతా వెన్నుపూసల మీదే. హాన్స్ (మెడను కాపాడే పరికరం) వాడే వాళ్లకు వాలు తక్కువగా, 10 డిగ్రీల దగ్గర ఉంటే మేలు.

యెర్రమట్టి
ట్రాక్ డేలకు మాత్రమే అయితే ఇంత కేజ్ అవసరమా అక్కా? ముందు కాళ్లు లేని సగం కేజ్ బోల్టులతో పెట్టుకుని, అదే బండిని రోడ్డు మీద కూడా నడుపుకోవచ్చు కదా?

హంద్రీ (కర్నూలు)
ట్రాక్ డేకి బోల్టుల సగం కేజ్ తప్పు కాదు తమ్ముడూ, కింది ప్లేట్లు సరిగా ఉంటే. రేసు ఎంట్రీకి మాత్రం ఒప్పుకోరు. రోడ్డు మాట వేరు. కేజ్ ఉన్న బండి హెల్మెట్ లేకుండా నడిపితే చిన్న గుద్దుకే తల పైపుకి తగులుతుంది. తల దగ్గరి పైపులకు ఎఫ్‌ఐఏ 8857-2001 రకం గట్టి ప్యాడింగ్ వేసేది హెల్మెట్ ఉన్న తలకోసం. ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ వేళ్లతో నొక్కితేనే చప్పబడిపోతుంది, అది పనికిరాదు.

చట్టం కూడా చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. రోడ్డు మీద పందేలు పెడితే సెక్షన్ 189. పూర్తి రేసు బండిని ట్రక్కు మీదే తీసుకెళ్లాలి.

తాడిపత్రి టార్క్
బ్రేకులు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా.

డ్రైవర్‌తో కలిపి 935 కేజీల బండి 150 నుంచి 70కి దిగితే దాదాపు 635 కిలోజౌల్స్ వేడిగా మారుతుంది. అందులో 80 శాతం ముందు డిస్కులదే. ఒక్కో డిస్కు 4.5 కేజీలనుకుంటే ఒక్క బ్రేకుతోనే దాదాపు 120 డిగ్రీలు ఎక్కుతుంది. చల్లారకముందే ఇంకో మూల వస్తుంది. నాలుగు మూలల్లో మామూలు రోడ్డు ప్యాడు పని అయిపోతుంది.

పెడల్ ఏం చెప్తోందో వినడం నేర్చుకోండి. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి ఆగట్లేదు అంటే ప్యాడు కాలిపోయింది. పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతోంది అంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైంది. ఈ రెండింటికీ మందు వేరు. మొదటి దానికి ఆయిల్ మార్చినా, రెండో దానికి ప్యాడ్లు మార్చినా డబ్బు దండగ.

డాట్ 3 కనీస మరుగు స్థానం కొత్తగా 205 డిగ్రీలు, తేమ పీల్చాక 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. రేస్ ఆయిల్ 300 పైన ఉంటుంది, కానీ తేమ తొందరగా పీలుస్తుంది, కాబట్టి ప్రతి ఈవెంట్ ముందు మార్చాలి. సీలు తీసిన డబ్బాలో మిగిలింది వచ్చే నెలకని దాచొద్దు. డాట్ 5 అని పేరున్నది సిలికాన్‌ది, 5.1తో సంబంధం లేదు, కలపకూడదు.

వరుసగా: రేస్ ప్యాడ్లు, కొత్త ఆయిల్, స్టీలు అల్లిక గొట్టాలు. ఆ తర్వాత డిస్కు వెనకున్న రేకు కవచం తీసి, ముందు బంపర్ నుంచి 63 మి.మీ. గొట్టంతో గాలి. గాలి డిస్కు ముఖం మీద కాదు, మధ్యనున్న కన్ను దగ్గరికి పోవాలి. ఒకవైపు ముఖాన్నే చల్లబరిస్తే డిస్కు వంకర పోతుంది.

ఏబీఎస్ తీసేద్దామనుకునేవాళ్లు జాగ్రత్త. ఈబీడీ (ముందు, వెనక బ్రేకులకి బలం పంచే ఏర్పాటు) ఉన్న బండిలో వెనక ప్రెషర్ తగ్గించేది ఆ యూనిట్టే. దాన్ని తీసి పైపులు నేరుగా కలిపేస్తే బరువు ముందుకి ఒరిగిన క్షణంలో వెనక చక్రాలు ముందు లాక్ అవుతాయి, బండి గిర్రున తిరుగుతుంది. తీస్తే ప్రొపోర్షనింగ్ వాల్వు తప్పనిసరి.

పెన్నాగట్టు (అనంతపురం)
అన్నా, మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీలు. కూలింగ్‌కి పెద్ద రేడియేటర్ వేయాలా?

గుత్తికోట
ముందు ఉన్నదాన్ని సరిచేయి. ఏసీ కండెన్సర్ తీశావు, అంటే రేడియేటర్ ముందు అడ్డు పోయింది, సగం లాభం అక్కడే. బంపర్ నోటి నుంచి రేడియేటర్ దాకా నాలుగువైపులా రేకుతో దారి కట్టు. సందులుంటే గాలి తేలిక దారి వెతుక్కుని పక్కనుంచి పోతుంది, రేడియేటర్‌లోకి దూరదు. ఫ్యాన్ ష్రౌడ్ తీయొద్దు. క్యాప్ కొత్తది వేయి. 1.1 బార్ క్యాప్‌తో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు, రబ్బరు పోయిన క్యాప్‌తో 100కే పొంగుతాయి. థర్మోస్టాట్ తీసిపారేయడం మనవాళ్ల అలవాటు. తీస్తే హెడ్డులో నీళ్ల ఒత్తిడి తగ్గి, కొన్ని చోట్ల వేడి నిలిచిపోతుంది. ఉంచాల.

చాలా రేసుల్లో గ్లైకాల్ కూలెంట్ ఒప్పుకోరు. ట్రాక్ మీద కారితే నూనెలా జారుతుంది. డిస్టిల్డ్ నీళ్లు, తుప్పు పట్టకుండా వాటర్ వెట్టర్. బోరు నీళ్లు మాత్రం వద్దు. మన జిల్లా నీళ్లలో సున్నం ఎంతో ఇంట్లో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది, అదే గార రేడియేటర్ ట్యూబుల్లో కడుతుంది.

నీళ్లకంటే ఆయిల్ మీద కన్నేయాల. పొడవైన మూలలో ఆయిల్ సంపులో (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకి ఒరిగి, పికప్ (ఆయిల్ లాగే గొట్టం) గాలి పీలుస్తుంది. రెండు సెకన్లు చాలు, పెద్ద ఎండ్ బేరింగులు పోతాయి. సంపు దింపి పికప్ చుట్టూ 1.5 మి.మీ. రేకుతో గది కట్టు, లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపు మడతలు పెట్టు. ప్రెషర్ గేజు, లైటు రెండూ పెట్టు. లైటు స్టాక్‌ది చాలా ఆలస్యంగా వెలుగుతుంది, 1.5 బార్ దగ్గర వెలిగే స్విచ్ వేసి, పెద్ద ఎర్ర బల్బు నేరుగా కళ్ల ముందు పెట్టు. ఆయిల్ 120 డిగ్రీలు దాటితే ఒక ల్యాప్ నెమ్మదించు, 130 దాటితే పిట్‌కి వచ్చేయ్.

ఇదంతా అయ్యాకే రీమ్యాప్.

కడపబండ (కడప)
సస్పెన్షన్ కొన్నాక సెట్ చేయడం మీద ఎవరూ రాయలేదు, నా పేరు చూసే వదిలేశారేమో.

నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి కార్నర్ వెయిట్ (ఒక్కో చక్రం మీద పడే బరువు) చూస్తారు. నేల సమంగా లేకపోతే ఆ అంకెలన్నీ తప్పే. కడప బండ పరిచిన షెడ్డు కంటికి చదునుగా ఉంటుంది, కానీ బండకీ బండకీ తేడా ఉంటుంది. ఒక్క చక్రం కింద 3 మి.మీ. ఎత్తుంటే, 50 న్యూటన్/మి.మీ. స్ప్రింగులతో ఒక్కో చక్రం మీద దాదాపు 4 కేజీల తప్పు చూపిస్తుంది. దానికి ఖరీదైన లేజర్ అక్కర్లేదు, మేస్త్రీలు పునాదికి పట్టే నీళ్ల ట్యూబు చాలు. పారదర్శకమైన ట్యూబు, లోపల గాలి బుడగ లేకుండా నీళ్లు. ఒక కొస మొదటి చక్రం చోట స్కేలుకి కట్టి, రెండో కొస మిగతా మూడు చోట్లకీ తిప్పండి. ప్రతిసారీ నీళ్లు నిలబడేదాకా ఆగండి, లేకపోతే 2 మి.మీ. తేడా ట్యూబులోనే వస్తుంది. తగ్గిన చోట తూకం కింద రేకు ముక్కలు పెట్టి, నేల మీద పెయింటుతో చతురస్రం గీసుకోండి. వచ్చేసారి మళ్లీ కొలవక్కర్లేదు.

తూచేముందు: యాంటీ రోల్ బార్ లింకు ఒకటి విప్పాలి. డ్రైవర్ బరువంత ఇసుక మూటలు సీట్లో. పెట్రోల్ రేసులో ఉండేంత. టైరు గాలి వేడి ప్రెషర్‌కి. ఎడమ వెనక, కుడి ముందు కలిపి మొత్తంలో సగం రావాలి. ఒక మూల స్ప్రింగ్ పెర్చ్ (స్ప్రింగు కూర్చునే పళ్లెం) ఎత్తితే ఎదురు మూల కూడా బరువెక్కుతుంది, కాబట్టి నాలుగూ కొంచెం కొంచెంగా తిప్పండి.

క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) ముందు మైనస్ 2.5 నుంచి 3.5 డిగ్రీల మధ్య, టో (పైనుంచి చూస్తే చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా లేదా మొత్తంగా 2 మి.మీ. బయటికి. వెనక టార్షన్ బీమ్‌కి సర్దుబాటు ఉండదు, హబ్ వెనక వాలు షిమ్ములు వేయాలి. మరీ కిందికి దించొద్దు. కింది ఆర్మ్ బయటి కొస లోపలి కొస కంటే పైకి పోతే రోల్ సెంటర్ (బండి పక్కకి ఒరిగేటప్పుడు ఇరుసులా పనిచేసే బిందువు) పడిపోయి, చూడ్డానికి బాగున్నా బండి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. ముందు 35 మి.మీ. దించితే చాలు.

ముందు చక్రాల బండి మూలలో ముక్కు బయటికి పోతుంటే అందరూ ముందు గట్టి చేస్తారు. వెనక గట్టి చేయాలి. టైరు వేడి మూడు చోట్ల కొలిస్తే నిజం తెలుస్తుంది: బయట, మధ్య, లోపల. మధ్య ఎక్కువుంటే గాలి ఎక్కువ. బయట ఎక్కువుంటే క్యాంబర్ చాలలేదు. లోపల ఒక 5 డిగ్రీలు ఎక్కువుండటం మంచిదే. చల్లగా 24 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, పిట్‌లోకి రాగానే 30 దగ్గర ఉందో లేదో చూసి తగ్గించండి.

యెర్రమట్టి
పెట్రోల్ ఎంత ఉంచాలి? తేలిగ్గా ఉండాలని 5 లీటర్లతో పోతే?

తాడిపత్రి టార్క్
మూలలో ట్యాంకులో ఒకవైపు పోయి పంపు గాలి పీలుస్తుంది, ఇంజిన్ దగ్గుతుంది. పావు ట్యాంకుకి తగ్గనీయొద్దు. 5 లీటర్లు తగ్గిస్తే దిగేది 4 కేజీలు కూడా కాదు.

హంద్రీ (కర్నూలు)
కిల్ స్విచ్ (ప్రమాదంలో ఇంజిన్‌నీ కరెంటునీ ఆపేది) మామూలు బ్యాటరీ కటాఫ్ కాకూడదు. ఇంజిన్ తిరుగుతుంటే ఆల్టర్నేటరే కరెంటు ఇస్తూ ఉంటుంది, బ్యాటరీ తీసినా బండి ఆగదు. అదనపు కాంటాక్టులున్న ఆరు టెర్మినళ్ల స్విచ్, 3 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. లోపలనుంచీ బయటనుంచీ పనిచేయాలి, బయట నీలం త్రిభుజంలో ఎర్ర మెరుపు గుర్తు. అతికించాక ఇంజిన్ 3000లో పెట్టి స్విచ్ తిప్పి చూడండి.

మన మూడు జిల్లాల్లో సర్క్యూట్ లేదు. మనం వెళ్లదగ్గవి శ్రీపెరుంబుదూరు పక్క మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.7 కి.మీ.; కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే, 2.1 కి.మీ. రేసుకి ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసులు నడిపే సమాఖ్య) లైసెన్సు ఉండాలి. కేజ్ వెల్డ్ చేయకముందే ఆ సంవత్సరం క్లాసు రూల్సు తెచ్చుకుని చదవండి. ఏ కిటికీ మార్చొచ్చు, ఎంత బరువుకి తగ్గకూడదు అనేది అందులోనే ఉంటుంది. కనీస బరువు కంటే తేలికైతే ఇనుప బిళ్లలు మోయాల్సొస్తుంది.

పెన్నాగట్టు (అనంతపురం)
చాలా థాంక్స్. కొత్త వరుస: ఊడదీయడం, కేజ్, సీటు బెల్టు, కిల్ స్విచ్, బ్రేకులు, కూలింగ్, సంపు, టైర్లు, సస్పెన్షన్. ఇంజిన్ ముట్టుకోను. చివరి ప్రశ్న: 15 ఇంచుల అల్లాయ్‌లకి స్టాక్ వీల్ నట్లు సరిపోతాయా?

లేత్‌మిషన్ (కర్నూలు)
పీసీడీ 4 × 100 (నాలుగు స్టడ్లు 100 మి.మీ. వలయం మీద), నట్ ఎం12 × 1.25. మరలో ఇది 1.5 పిచ్‌తో కలిసిపోయేలా కనిపిస్తుంది, రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. చేత్తో చివరిదాకా తిరగని నట్‌ని రెంచ్‌తో తోయొద్దు. నట్ కూర్చునే కోన్ అల్లాయ్ కోన్‌తో సరిపోవాలి. మధ్య కన్ను 54.1 మి.మీ., అల్లాయ్ కన్ను పెద్దదైతే రింగు వేయాలి. అల్లాయ్ మందం ఎక్కువైతే స్టడ్ చాలదు. నట్ కనీసం 12 మి.మీ. మర పట్టాలి, లేకపోతే పొడుగు స్టడ్లు ప్రెస్ చేయించు.

టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించి, నట్ మీదనుంచి అల్లాయ్ మీదికి తెల్ల పెయింట్ గీత గీయి. మొదటి సెషన్ అయ్యాక చక్రం చల్లారనిచ్చి మళ్లీ టార్క్ పట్టు, వేడి మీద పట్టొద్దు. తర్వాత ప్రతి సెషన్‌కీ ఆ పదహారు గీతలు వంగి చూడు. ఒక్క గీత జరిగినా ఆ చక్రం విప్పి స్టడ్ చూడకుండా ట్రాక్ మీదికి పోవద్దు.